రాత్రి నగరము ఎవరి సొత్తు?

కామారెడ్డి జిల్లాలో బాన్సువాడ ప్రాంతమున మహమ్మద్‌నగరమను నూరు కలదు. నిజాంసాగరపు నీటితో వరి పండించుకొను సీమ యది. ఆ యూరినుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు చదువునకో కొలువునకో హైదరాబాదు చేరిన యువకులు అప్పుడప్పుడు మాయొద్దకు వచ్చుచుందురు. మాది న్యాయవాదవృత్తి గనుక అద్దెగదుల తగవులు, జీతపు బకాయిలు వారు మాతో చెప్పుకొనుటలో వింత లేదు. మొన్న వచ్చిన యొక యువకుడు మాత్రము వేఱొక ప్రశ్న వేసెను. “వకీలు సాబ్! పొద్దంత పనిల పాయె. పొద్దుగూకినంక ఈ పట్నంల యాడికి పోవాలె?”

ప్రశ్న చిన్నది. దానికి నగర మిచ్చుచున్న సమాధానమే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది.

అతని చేతిలోని ఫోను చూపిన త్రోవలు మూడు: పానశాల, అంగళ్ల మేడ, సినిమా. మూటికిని ద్వారమున ఒకటే పరీక్ష: నీ జేబులో నెంత యున్నది? ఉన్నవానికి స్వాగతము, లేనివానికి ఇరుకుగది, నలుగురి పడకల నడుమ ఒక మూల. పగలు ఈ నగరమునకు మేడలు కట్టినవాడు, లెక్కలు వ్రాసినవాడు, ఇంటింటికి అన్నపు పొట్లములు మోసినవాడు, దీపాలు వెలిగినంతనే పౌరుడు గాక కేవలము గిరాకీదారుడై పోవుచున్నాడు. “రాత్రి జీవనము” అను గొప్ప మాటకు అర్థ మిదియేనా?

మేమిప్పుడు మద్యనిషేధోపన్యాసము చేయుటకు పూనుకొనలేదు. వయసు వచ్చినవాడు తన కష్టార్జితమును చట్టమునకు లోబడి ఎట్లు వెచ్చించుకొనునో అది యతని యిష్టము. మా ఆక్షేపణ ఇతరము. అమ్ముడుపోవు వినోదము తప్ప నగరపు రాత్రికి వేఱొక రూపమే లేదని క్రొత్తగా వచ్చినవానిని నమ్మించుచున్నారే, అది అబద్ధము, చరిత్రకు విరుద్ధము.

1921 నవంబరు 12వ తేదీన ఈ నగరముననే వివేకవర్ధినీ పాఠశాలలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగెను. అల్లంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది తెలుగున మాట్లాడ మొదలిడగా సభలో కొందరు గేలిచేసిరి. అవమానపడిన తెలుగువారు ఇండ్లకు పోయి నిద్రింపలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట గుమిగూడి ఆంధ్రజనసంఘమునకు అంకురార్పణ చేసిరి. అందుండియే ఆంధ్రమహాసభ పెరిగినది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి మహాసభ జరిగినది. ఒక రాత్రి సభకు పోయిన కొందరు ఒక జాతి నడకనే మార్చిరి. ఆ సభాద్వారమున జేబులు తడిమి చూచినవా రెవ్వరు?

నిజాంకాలమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అనుమతి లేనిదే సభ జరుపరాదని శాసించెను. ఆ కష్టకాలముననే మనవారు గ్రంథాలయములను నిలిపి, వాని నీడను కూడిరి, చదివిరి, వాదించుకొనిరి. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము నేటికిని సుల్తానుబజారున నిలిచియున్నది. నాడు సభకు సర్కారు అనుమతి యడ్డము. నేడు సాయంకాలమునకు సొమ్ము అడ్డము. అడ్డు మాఱినది కాని తొలగలేదు.

వర్తకము కూడ ప్రజలకు మేలు చేయగలదనుటకు నాంపల్లి నుమాయిషే సాక్షి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిన ఆ ప్రదర్శనము 1946లో నాంపల్లికి మాఱినది. ఏటేట జనవరిలో మొదలై సుమారు నెలన్నర దినములు రాత్రివేళ జనసముద్రమగును. దానిని నడుపు సంఘము తన రాబడితో సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము మొదలైన విద్యాసంస్థలను పోషించుచున్నది. అక్కడ ముసలమ్మకును మనుమనికిని, కాశ్మీరపు శాలువ కొనువానికిని, ఊరక చూచి పోవువానికిని చోటున్నది. రవీంద్రుని శతజయంతి సందర్భమున 1961లో తెఱచిన రవీంద్రభారతి కలదు. 1885లో కడపసీమలో పుట్టిన సురభి నాటకమువారు లింగంపల్లిలో నేటికిని తెరలెత్తుచున్నారు. రంజానునెల రాత్రులలో చార్మినారు చుట్టును, ఆషాఢమున బోనాలనాడు వీథివీథియందును వెల్లివిరియు సందడికి ఎవ్వరును కాపలా పెట్టలేదు. ఇవన్నియు కలవు. క్రొత్తవానికి చెప్పువాడే లేడు.

చెప్పినను చాలునా? పనినుండి విడుదలయై వచ్చువేళకు పేటల గ్రంథాలయములు తలుపులు మూసికొనుచున్నవి. గ్రంథాలయముల చట్టమేమో ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సుంకము విధించినది. అద్దెకున్నవాడు ఆ భారమును తన అద్దెలోనే మోయుచున్నాడు. సుంకము చెల్లించినవానికి తలుపు మూసియుండుట ఏ న్యాయము? నాటకము ముగిసి వెలుపలికి వచ్చినవానికి బస్సు దొరకదు. 2017లో ఆరంభమైన మెట్రోబండియు అర్ధరాత్రి కాకమునుపే విశ్రమించును. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ప్రభుత్వ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది, సంతోషమే. కాని చీకటిపడిన పిమ్మట ఆ యువతి భయము లేక దిగి నడువదగిన వెలుగు, కూర్చుండదగిన పఠనమందిరము లేనిచో ఉచితమైన ఆ చీటి యామెను ఎందాక తీసికొనిపోగలదు?

తప్పంతయు సర్కారుపై నెట్టి చేతులు కడుగుకొనుట మాకు సమ్మతము గాదు. పాఠకమహాశయులారా, “సంస్కృతి చెడిపోయినది” అని నిట్టూర్చు మనము కడచిన నెలలో ఎన్ని సభలకు పోయితిమి? ఉచితసభలో కుర్చీలు ఖాళీగా నుండుట మన పుణ్యమే కదా! పోయినవారికైనను మనము చూపు మర్యాద యెట్టిది? ఆఱుగంటలకని పిలిచి ఏడున్నరకు మొదలుపెట్టుదుము. వేదికపై పదునైదుమందిని ఎక్కించి, ఒకరినొకరు పొగడుకొని, శాలువలు కప్పుకొందుము. ముఖ్యవక్త లేచువేళకు దూరమునుండి వచ్చిన యువకుడు గడియారము చూచుకొని వెడలిపోవును. పానశాలవాడు వచ్చినవానిని నవ్వుమొగముతో పలుకరించును, మనము “ఎవరి తాలూకు?” అని అడుగుదుము. వాడు ఎటు పోవునో వేఱుగ చెప్పవలెనా?

కావున మా కోరికలు స్పష్టములు. సుంకము గైకొను గ్రంథాలయములు కనీసము రాత్రి పదిగంటలవఱకు తెఱచియుండవలెను. కళామందిరముల యొద్దనుండి కడపటి ప్రదర్శనము ముగిసిన తరువాతను బస్సులు నడువవలెను. పేటపేటకు ఆ వారపు సభలు, నాటకములు, జాతరలు ఎచ్చటనో తెలుపు పలక యొకటి బస్సు నిలుచుచోట నుండవలెను. సభలు చెప్పిన వేళకు మొదలై చెప్పిన వేళకు ముగియవలెను. వీనిలో కోట్లు గ్రుమ్మరింపవలసిన దేదియు లేదు, కావలసినది పట్టుదల.

ఆ యువకుని సీమలో చిందు భాగవతము ఆడువారు కలరు. 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ ఆ ఉమ్మడి నిజామాబాదు జిల్లా బిడ్డయే. చిందువారు ఊరికి వచ్చిన రాత్రి మోతుబరియు జీతగాడును ఒకే ఆకాశము క్రింద కూర్చుండి తెల్లవార్లు చూచెడివారు. కూర్చుండుటలో ఎడము లుండెడివి, మేము కాదనము. అయినను చీటి లేదని ఏ పసివానిని వెడలగొట్టలేదు. ఒక్క దీపముతో పల్లె తన రాత్రిని అందఱికి పంచగలిగినది. లక్షల దీపముల నగరమునకు ఆ పాటి చేతగాదా?

ఆ యువకుని వచ్చు ఆదివారము సాయంకాలము భాషానిలయపు మెట్లకడ మమ్ము కలిసికొనుమంటిమి. మీ పేటలో క్రొత్తగా దిగినవా డొకడుండును. మీరును వాని తలుపు తట్టి వెంటబెట్టుకొని రండు.