అరివు ఎదగలేదట! ఎదగడమంటే ఏందో చెప్పండి

పొద్దుగూకినంక మా వాడ పిల్లలు సంఘం అరుగు మీద కూసోని సెల్‌ఫోన్లో అరివు పాటలు పెట్టుకుంటారు. ఇని ఊరుకోరు, జగడం పెట్టుకుంటారు. ఒకడు ‘అరివు పని “తెరుకురల్”తోనే అయిపోయింది, ఆ తర్వాత అంత పదును లేదు’ అంటాడు. ఇంకొకడు ‘“ఎంజాయ్ ఎంజామి” గొప్పతనం సంగీతం చేసినాయనది, అరివు ఏదో నాలుగు మాటలు రాసిండు’ అంటాడు. మూడోవాడు ‘ఎప్పుడు చూసినా కులం, నేల, తాతముత్తాతలు. కళాకారుడన్నాక ఎదగొద్దా?’ అంటాడు.

ఈ మాటలు మా పిల్లలు పుట్టించినవి కావు. పట్నంలో మెత్తటి కుర్చీల్లో కూర్చుని పాటలకు మార్కులేసే బాబుల మాటలు తిరిగి తిరిగి మా అరుగు దాకా వచ్చాయి. అందుకే ఈ జగడంలోకి మేమూ దిగుతున్నాం. పాటల ముచ్చట ఉద్యమ పత్రికకెందుకని ఎవరైనా అడగొచ్చు. మా తాతల చాకిరీకి ఎవరి పేరు పడిందో లెక్క అడిగే పత్రిక ఇది. మా పాటకు ఎవరి పేరు పడుతోందో అడగకుండా ఎట్లా ఉంటాం?

ఎరగని వాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. అరివుది తమిళనాడులోని అరక్కోణం. రేణిగుంట మీదుగా మద్రాసు పోయే రైలుకు దారిలో తగులుతుంది. ఇంజనీరింగు చదివిన దళిత పిల్లగాడు. 2018 జనవరిలో మద్రాసు కీల్పాక్‌లో ‘కాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బృందం మొదటిసారి జనం ముందు పాడింది. సినిమా దర్శకుడు పా. రంజిత్ పూనిక, తెన్మా సంగీతం, 19 మంది కళాకారులు. ‘కులంలేని తమిళులు’ అని వందేళ్లకు ముందే అన్న అయోధ్యదాసు పండితుడి మాటే ఆ పేరుకు మూలం. ఉత్తర మద్రాసు వాడల్లో చావుకాడ పాడే గానా పాటనూ, పరై డప్పునూ, రాప్‌నూ ఒక్క వేదిక మీదికి తెచ్చారు. అంబేద్కర్ మీద, రిజర్వేషన్ల మీద, గొడ్డుకూర మీద పాడారు. అరివు జనానికి తెలిసింది అక్కడే. 2019లో ‘తెరుకురల్’ ఆల్బం వచ్చింది. తెరు అంటే వీధి. తిరుక్కురళ్ పేరుకు ఎదురుగా వీధి గొంతును నిలబెట్టిన పేరది. అందులోని ‘యాంటీ ఇండియన్’ పాట, నోరు తెరిచిన ప్రతివాడినీ దేశద్రోహి అనే పెద్దమనుషులకు జవాబు. పౌరసత్వ చట్టానికి 2019లో సవరణ వచ్చినప్పుడు ‘సండ సెయ్‌వోమ్’ అని పాడి కొట్లాటకు పిలిచింది కూడా అతనే.

రాప్ అంటే బ్రహ్మవిద్య కాదు. ఒగ్గుకథ చెప్పేటాయన డోలు దెబ్బకు మాటను కలిపినట్టు, దరువు మీద మాటను దొర్లించుకుంటూ పోవడం. ఆ దరువు అల్లేవాడిని వాళ్ల భాషలో ప్రొడ్యూసర్ అంటారు. సినిమాకు డబ్బు పెట్టే ఆసామి వేరు, ఈయన వేరు.

ఇక మొదటి వాదం: పాట గొప్పతనమంతా ప్రొడ్యూసర్‌దేనట. దరువు అల్లడం చాకిరీయే. చాకిరీ చేసే జాతులం, ఎవరి చాకిరీనీ మేం తక్కువ చెయ్యం. 1973లో న్యూయార్కు బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అనే నల్లజాతి యువకుడు రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, పాటలో డ్రమ్ము ఒక్కటే మోగే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి జనాన్ని ఆడించాడు. రాప్‌కు పుట్టుక అక్కడే. అంటే ఆ విద్యకు తల్లి డ్రమ్మే. మరి ఆ డ్రమ్ము కొట్టినవాడికి ఏం దక్కింది? జేమ్స్ బ్రౌన్ 1970లో విడుదల చేసిన ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కొట్టిన దరువును తర్వాత వందలాది రాప్ పాటల్లో కోసి వాడుకున్నారు. పాట హక్కు కాగితం మీద ఆయన పేరు లేదు కాబట్టి ఆ రాయల్టీలో వాటా రాలేదు. 2017లో చనిపోయాడు. పెళ్లికీ చావుకీ పొద్దంతా డప్పు కొట్టి చివర దోసిలి పట్టిన మా తాతకు ఈ కథ ఇడమరిచి చెప్పాల్సిన పని లేదు.

కాబట్టి ప్రొడ్యూసర్‌కు పేరు ఇయ్యాలె. ఆ లెక్కన మా పిల్లలను ఒకటి అడుగుతున్నాం. ‘తెరుకురల్’ మాది మాది అని చంకలు గుద్దుకునే మీలో ఎంతమందికి ఆ దరువులు అల్లిన ఓఫ్రో పేరు తెలుసు? సంతోష్ నారాయణన్ పేరు తెలిసి, ఓఫ్రో పేరు తెలవదంటే ప్రొడ్యూసర్ మీద మీకున్నది గౌరవం కాదు, పెద్ద పేరు మీద మోజు.

‘ఎంజాయ్ ఎంజామి’ 2021 మార్చిలో వచ్చింది. ధీ, అరివు కలిసి పాడారు. సంతోష్ నారాయణన్ ప్రొడ్యూసర్. లోకమంతా మోగింది. అదే ఏడు ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం వేసింది. ధీ ఉంది, షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నాడు. అరివు లేడు. రంజిత్ నిలదీశాడు, జనం నిలదీశారు. అప్పుడు అరివు బొమ్మతో ఇంకో ముఖచిత్రం బయటికొచ్చింది. 2022 జులై 28న చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ఆరంభ సభలో అదే పాట పాడారు. అప్పుడూ అరివు లేడు. దాంతో అరివు నోరు విప్పాడు. బాణీ గానీ ఒక్క మాట గానీ ఎవరూ నాకివ్వలేదు, నేనే కట్టి రాసి పాడానన్నాడు. బాణీ నాది, రాసింది అరివు, పాట ముగ్గురిదీ అన్నాడు సంతోష్ నారాయణన్.

ఈ ఇద్దరి మధ్య మేం తీర్పు చెప్పబోం. ధీ గొంతును తక్కువ చెయ్యం. మేం అడిగేది అభిమానులను. ‘అది జానపదం, ఒప్పారి, ఎవరిదీ కాదు, సంగీతజ్ఞుడి చెయ్యి పడితేనే అది పాటైంది’ అన్నారే, ఆ మాట ఎక్కడిది? ఒప్పారి అంటే చచ్చినవాడి మీద పడి ఆడోళ్లు రాగం తీసి ఏడ్చే ఏడుపు. ఏడ్చిన ప్రతి తల్లికీ పేరుంది. మీరు అడగలేదు కాబట్టి మీకు తెలవదు.

చట్టమూ అడగలేదు. 1957 నాటి కాపీరైటు చట్టంలో సంగీత రచన అంటే అచ్చయినదో, రాతలో పెట్టినదో, గుర్తులతో గీసి చూపినదో అని రాశారు. 1994లో సవరించేదాకా అదే నడిచింది. స్వరం రాసుకునే విద్య ఉన్నవాడి బాణీ ఆస్తి. పలక పట్టనివ్వని జాతి కట్టిన బాణీ గాలి! బడికి రానియ్యంది మీరే, రాయలేదు కాబట్టి నీది కాదంటున్నదీ మీరే.

ఇంకో సంగతి. ఆ పాట మీద ముగ్గురికీ పైసా అందలేదని 2024 మార్చిలో సంతోష్ నారాయణనే బయటికి చెప్పాడు. పాట ఎవరి గొప్ప అని అభిమానులు జుట్లు పట్టుకున్నారు. పాట సొమ్ము ఎటు పోయిందని అడిగినవాళ్లు ఎంతమంది?

రెండో వాదం: ఎదగలేదట. ఏంది ఎదగడమంటే? అరివు ప్రేమపాట రాస్తే ‘బహుముఖ ప్రజ్ఞ’. తాత పాట రాస్తే ‘అదే పాట’. దేవుడి కీర్తనలు తరాల తరబడి పాడుతుంటే సంప్రదాయమంటిరి, ఏనాడైనా ‘ఎన్నాళ్లు ఇదే’ అంటిరా? మీ దృష్టిలో ఎదగడమంటే వాడ మరిచిపోవడం.

మేం చూసిన ఎదుగుదల ఇది. ‘తెరుకురల్’లో రాజ్యంతో తలపడినవాడు, 2024లో వచ్చిన ఆల్బంకు ‘వల్లియమ్మ పేరాండి’ అని పేరు పెట్టుకున్నాడు. వల్లియమ్మ మనవడు అని అర్థం. సిలోను తేయాకు తోటల్లో కూలి చేసిన అవ్వ ఆమె. 1948లో సిలోను సర్కారు తోట కూలీల పౌరసత్వం ఊడబెరికింది. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం రాసుకుని 5,25,000 మందిని ఇండియా పంచుకోవాలె, 3,00,000 మందిని సిలోను ఉంచుకోవాలె అని పశువులను పంచుకున్నట్టు పంచుకున్నారు. ఆ కూలీలలో ఎక్కువమంది మన జాతులే. ఆ అవ్వ పేరు ఆల్బం అట్ట మీదికి ఎక్కించడం ఎదుగుదల కాకపోతే, ఇంకేది ఎదుగుదల?

మూడో వాదం మన సొంత మనుషులది. ‘కాలా’కు రాసిండు, ‘మాస్టర్’లో ‘వాతి రైడ్’ పాడిండు, సినిమావోడైపోయిండు, అమ్ముడుపోయిండు అంటారు. అన్నలారా, అగ్రకులపోడు సినిమాకు రాస్తే అది వృత్తి, మనోడు రాస్తే అమ్ముడుపోవడమా? ఆకలితో చచ్చిన కళాకారుడి ఫోటోకు దండ వెయ్యడం మనకు బాగా అలవాటైంది. బతికుండగా నాలుగు మెతుకులు తింటే ఓర్వలేమా? అట్లని దళితుడు పాడిండు కాబట్టి ప్రతి పాటా గొప్పదని మేం అనడం లేదు. నాసిగా ఉంటే నాసిగా ఉందనండి. దరువు చప్పగా ఉంటే చప్పగా ఉందనండి. కానీ ఆల్బం మొత్తం ఇని చెప్పండి. ముఖచిత్రం కొట్లాటకు ఉరికొచ్చిన వాళ్లలో ‘తెరుకురల్’ మొదటినించి చివరిదాకా విన్నవాళ్లు ఎంతమందో గుండెమీద చెయ్యేసుకుని చెప్పాలె.

పక్కోడిని అన్నాక మమ్మల్నీ మేం అనుకోవాలె. మా సభల్లో పంచిన పాటల పుస్తకాల్లో రాసినోడి పేరు వేశాం, అచ్చు వేయించినోడి పేరు వేశాం, విరాళమిచ్చినోడి పేరు పెద్దక్షరాల్లో వేశాం. డప్పు కొట్టినోళ్ల పేరు ఎన్నడూ వెయ్యలేదు. బాణీ ఇచ్చిన ముసలమ్మ పేరు అడగనే లేదు. 1994లో ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు మాదిగ డప్పు ఆత్మగౌరవం అన్నాం. ఆత్మగౌరవానికి పేరుండొద్దా?

ఇకనుంచి ఊరి కళాబృందాలు ఒక నోటుబుక్కు పెట్టాలె. పాట కట్టినవారు, బాణీ ఎవరి దగ్గర విన్నారు, దరువు ఎవరిది, తేదీ, ఊరు, అన్నీ రాయాలె. యూట్యూబులో పెట్టినా అవే పేర్లు కింద రాయాలె. ఎవడైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే ఒంటరిగా పెట్టొద్దు, సంఘానికి చూపాలె. పాట రాసినోడికీ బాణీ కట్టినోడికీ రాయల్టీలో వాటా ఉందని 2012 సవరణ చట్టంలో రాసి ఉంది. ఆ వాటా వదులుకున్నట్టు రాయించుకోవడం కుదరదని కూడా రాసి ఉంది. ఈ మాట ప్రతి కళాబృందానికీ చెప్పండి.

పిల్లలూ, జగడం మానొద్దు. ఏ ఆల్బం గొప్పదో తేలేదాకా కొట్లాడండి. కానీ రేపు అరుగు మీద కూర్చునేటప్పుడు మీ నాయనమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఆమెకెన్ని బాణీలు తెలుసో అడిగి, ముందు ఆమె పేరు రాసుకోండి.

జై భీమ్!