పిల్లవాని గొంతు కూడా అమానతే

కరోనా కాలంలో తరగతులు మూతపడినప్పుడు మదరసాలలోకి వచ్చిన వాట్సాప్ మళ్ళీ బయటికి పోలేదు. పోవలసిన అవసరమూ లేదు. ఆనాటి సబఖ్ ఏమిటో ఇంటికి తెలుస్తున్నది. జ్వరంతో పడుకున్న పిల్లవాడు సైతం ఉస్తాదు పారాయణం వినగలుగుతున్నాడు. మేము ప్రస్తావించదలచినది ఒక్క అలవాటును గురించి మాత్రమే. అది, పిల్లలు చదివిన పాఠాన్ని రికార్డు చేసి తరగతి గ్రూపులో పెట్టడం.

తజ్వీద్ బోధనలో రికార్డింగు వల్ల కలిగే మేలు మేమెరుగుదుము. అరబీలో గొంతు మధ్య నుండి వెలువడే 'హా' ఒకటి, గొంతు అడుగు నుండి వెలువడే 'హా' మరొకటి. తెలుగు మాట్లాడే పిల్లల చెవికి ఆ రెండూ ఒక్కటే. దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో చిక్కు వేరు: అక్కడ 'ఖాఫ్'ను 'ఖే'గా పలకడం ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. ఆ అక్షరమే 'కాఫ్'గా మారిందా, హృదయమనే అర్థమిచ్చే పదం కుక్క అనే అర్థమిస్తుంది! పదిసార్లు చెప్పినా పట్టుబడని ఈ తేడా, తన గొంతును తానే విన్నప్పుడు పిల్లవానికి ఇట్టే తెలిసిపోతుంది. అయితే అందుకు పిల్లవాడు వినాలి, ఉస్తాదు వినాలి. నలభై ఇళ్ళవారు వినవలసిన పనేమున్నది?

తడబడిన బాలుని గొంతు గ్రూపులో పడితే ఒక ఇంట్లో నవ్వుతారు, మరొక ఇంట్లో తమ బిడ్డతో పోల్చి చూసుకుంటారు. మరునాటి నుండి ఆ బాలుడు గొంతు తగ్గించి చదువుతాడు. తప్పు వినిపించకపోతే ఉస్తాదు దిద్దేదెలా? కొన్నాళ్ళకు కడుపునొప్పి సాకుతో మదరసాకు రావడమే తగ్గిస్తాడు. ఒకరినొకరు పరిహసించుకోరాదన్న ఆదేశం హుజురాత్ సూరా 11వ ఆయతులో ఉన్నది. దానిని కంఠస్థం చేయించే చోటనే పరిహాసానికి సామగ్రి తయారుకావడం ఏమి న్యాయం?

బాగా చదివే పిల్లవాని వీడియో పెడితే తప్పేమిటని కొందరు తండ్రులు అడుగుతుంటారు. పదేళ్ళ వయసులోనే మెచ్చుకోలు గుర్తులు లెక్కపెట్టుకోవడం అలవడితే, ఆ పారాయణం ఎవరి మెప్పు కోసమో వారే ఆలోచించాలి.

పైగా, పంపినది తిరిగి రాదు. 'అందరికీ తొలగించు' అన్నచోట నొక్కినా, అప్పటికే ఇతరులు ముందుకు పంపిన ప్రతి ఎక్కడో ఉండనే ఉంటుంది. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని షరతుగా పెట్టింది. చట్టం రాకముందు కూడా మనకది అమానతే.

కనుక గ్రూపులో ఉస్తాదు పారాయణం, సబఖ్ వివరం, సెలవుల సమాచారం ఉంటే చాలును. పిల్లవాని రికార్డింగు తల్లి లేక తండ్రి ఫోను నుండి నేరుగా ఉస్తాదుకే చేరాలి. దిద్దుబాటు కూడా ఆ ఫోనుకే రావాలి. పని ముగిశాక ఉభయులూ దానిని తొలగించాలి. తల్లిదండ్రులకు మరొక మనవి: రాత్రి పదకొండింటికి పంపిన పాఠానికి జవాబు ఫజ్ర్ నమాజు తరువాతనే వస్తుంది. ఉస్తాదులూ నిద్రపోతారు.