నిచ్చెన లేని కొలువు

పొట్ట చేతబట్టుకొని కలకత్తాకు వచ్చిన పరప్రాంతపు కూలిని గూర్చి మా భద్రలోకములో ఒక మాట తరచుగా వినబడును: "వానికి పని దొరకినది గదా, ఇంకేమి కావలెను?" వినుటకు ఇది దయగల మాటవలె తోచును. నా దృష్టిలో ఇంతకంటె నిర్దయమైన మాట లేదు. ఇది మనుష్యుని ఆకలిని అంగీకరించి, వాని బుద్ధిని నిరాకరించుచున్నది. పని ఇచ్చుట వేరు, ఆ పనిలో పైకి వచ్చుటకు త్రోవ ఇచ్చుట వేరు. ఈ భేదమును తెలిసికొనగోరువారు హుగ్లీ నది కిరువైపుల నున్న జనపనార మిల్లుల చరిత్రను చూచిన చాలును.

1855లో రిష్రాయందు మొదటి మిల్లు వెలసినది. తొలినాళ్ళలో అందు పనిచేసినవారు చుట్టుపట్ల గ్రామముల బెంగాలీలే. 1906 నాటికి ఫోలే దొర తన నివేదికను వ్రాయు సమయమున పరిస్థితి తారుమారైనది; కార్మికులలో అధికసంఖ్యాకులు ఇతర ప్రాంతములవారు. బీహారు నుండియు, సంయుక్త రాష్ట్రముల నుండియు, ఒరిస్సా నుండియు, నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణము జిల్లాల నుండియు వారు వచ్చిరి. గంజాం కూలికి రంగూన్ పోవు ఓడ ఒక దారి, కలకత్తా పోవు రైలు మరియొక దారి. టీటాగఢ్ వంటి మిల్లు ఊళ్ళలో తెలుగువారి పేటలు నేటికిని కలవు.

ఆ మిల్లులకే మరియొక వలసవాడు కూడ వచ్చెను. అతడు స్కాట్లండులోని డండీ నగరమువాడు. అతడును పొట్టకూటికై ఇల్లు విడిచినవాడే. పెక్కుమంది సామాన్య కుటుంబములలో పుట్టి, అచ్చటి మిల్లులలో పని నేర్చినవారే. కాని అతని ఓడ ఖర్చు కంపెనీది; ఒడంబడిక కాగితముపై నుండెను; నివాసము మిల్లు ఆవరణలోనే సిద్ధము. ఈనాడు అసిస్టెంటు, కొన్నేండ్లకు ఓవర్సీయరు, అదృష్టము బాగున్న మేనేజరు. ఏ మెట్టు తరువాత ఏ మెట్టు వచ్చునో అతనికి ఓడ ఎక్కకముందే తెలియును. గంజాం నుండి వచ్చినవానికి తెలిసినదెల్ల ఒక్క సర్దారు పేరు మాత్రమే. ఇద్దరును వలసవారే, ఇద్దరును ఆ యంత్రముల చప్పుడునే వినిరి. ఒకనికి నిచ్చెన నిచ్చితిమి, రెండవవానికి నేల నిచ్చితిమి. పిదప నేలపై నున్నవానిని చూచి "వీనికి ఎదుగవలెనను కోరికయే లేదు" అని తీర్పు చెప్పితిమి!

సర్దారు వ్యవస్థ ఏమి చేసినదో విచారింతము. పనిలో చేర్చువాడు సర్దారు, తీసివేయువాడు సర్దారు, అప్పిచ్చువాడును పలుమారు అతడే. చేరుటకు దస్తూరీ, నిలుచుటకు మామూలు. తన ఊరివానిని, తన కులమువానిని, తన చుట్టమును తన చేతిక్రింద నుంచుకొనుట అతని బలము. అట్టిచోట నైపుణ్యమునకు విలువ ఎక్కడిది? పదేండ్లు మగ్గము నడిపినవాని చేతిపని ఏ పుస్తకములోను ఎక్కలేదు. సర్దారు మారిన నాడు వాని అనుభవము సున్న. 1931లో విట్లీ కమిషను కార్మికులను చేర్చుకొను అధికారమును ఇట్టి మధ్యవర్తుల చేతినుండి తీసివేయవలెనని స్పష్టముగా చెప్పెను. తరువాత లేబరు ఆఫీసర్లు వచ్చిరి. కాని సర్దారు నీడ తొలగినను 'బద్లీ' అను మాట మిగిలెను. స్థిరకార్మికుడు రాని నాడు అతనికి బదులు పనిచేయువాడు బద్లీ. ఇతరుని గైర్హాజరీయే వాని అన్నము. ఇట్లు బదులుగానే యౌవనమును గడపినవానికి పైమెట్టును గూర్చి చెప్పుట పరిహాసము గాదా?

ఇక ఎదుటివారి వాదములను చూతము.

మొదటిది: "వాడు నిలుకడ లేనివాడు, కోతల కాలమున ఊరికి పోవును, వానికి పదోన్నతి ఎందుకు?" డండీవాడును సముద్రములు దాటి స్వగ్రామమునకు పోయి వచ్చెను, దానికి మనము 'సెలవు' అని పేరు పెట్టితిమి. కూలి పోయిన 'పలాయనము' అంటిమి. ఏ నగరము వానికి ఇల్లు నీయలేదో, రోగమునందు దిక్కు చూపలేదో, ముసలితనమునకు భరోసా నీయలేదో, ఆ నగరమున నిలుచువా డెవడు? వానికి ఊరే ఆసుపత్రి, ఊరే పెన్షను. నిలుకడ లేకపోవుట వాని స్వభావము గాదు, మన మిచ్చిన జీతపు ఫలము. కోరిక లేనివారే యైనచో, 1929లో ప్రభావతీ దాస్‌గుప్తా నాయకత్వమున, మరల 1937లో, మిల్లులను మూయించిన సమ్మెలు చేసిన దెవరు?

రెండవది: "వారికి చదువు లేదు." నిజమే, కాని చదువవలసినది వారికి చదువగల భాషలో నున్నదా? పని నిబంధనలను ఇంగ్లీషులోను, కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోను ప్రకటింపవలెనని 1946 నాటి చట్టము విధించెను. అల్పసంఖ్యాకుడైన తెలుగు కార్మికుని గతి యేమి? తన ఉద్యోగమును శాసించు అక్షరములు వానికి గోడమీది బొమ్మలు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగును అధికారభాషలలో చేర్చుటకు నిర్ణయించినది, సంతోషము. కాని ఆ గౌరవము మిల్లు ద్వారము దాటి లోపలి ప్రకటనల పలకను చేరిననాడే దానికి సార్థకత.

మూడవది, అన్నిటికంటె బలమైనది: "మా పిల్లలకే పని లేదు, పరాయివానికి పైమెట్టా?" ఈ ప్రశ్నలోని బాధను నేను తేలికగా త్రోసివేయను. కాని నేడు ముర్షిదాబాదు, మాల్దా జిల్లాల బిడ్డలు తాపీ పనికి కేరళకును, ఢిల్లీకిని, ముంబయికిని పోవుచున్నారు. 2020లో లాక్‌డౌను విధించినప్పుడు వలసకూలీలు పిల్లలను భుజముల కెత్తుకొని రహదారులవెంట నడచిరి. ఆ దృశ్యమునకు మనమందరము కన్నీరు పెట్టితిమి. కేరళ ప్రభుత్వము వలసవారిని 'అతిథి కార్మికులు' అని పిలుచుచున్నది. మర్యాదగల పేరే; కాని అతిథికి విస్తరి వేయుదురు గాని ఇంటిలో వాటా నీయరు. మన బిడ్డకు అక్కడ మేస్త్రీ కాగల హక్కును కోరు నోటితో, ఇక్కడి గంజాం బిడ్డకు దానిని ఎట్లు కాదందుము? పైగా హక్కులు లేని బద్లీ చవుకగా దొరకునంతకాలము స్థానికుని కూలియు పెరుగదు. ఒకని మెడ వంచి వేరొకని తల ఎత్తలేము.

కావలసినవి గొప్ప వరములు గావు. బద్లీ ఎన్ని దినములు పనిచేసిన స్థిరుడగునో ఆ లెక్క అందరికి కనబడునట్లు వ్రాయబడవలెను. సర్దారు పదవికిని, మిస్త్రీ పదవికిని అర్హత యేదో, ఎవరు పరీక్షింతురో ముందుగా తెలియవలెను. చేతిపని నేర్చినవానికి, ఏ మిల్లునకు పోయినను చెల్లునట్టి యోగ్యతాపత్రము ఉండవలెను. 1961లో అప్రెంటిసుల చట్టము చేసిన దేశమునకు ఇది అసాధ్యము గాదు. ఈ కలకత్తాలోనే జనపనార సాంకేతిక విద్యను బోధించు సంస్థ కలదు. దాని తలుపులు మగ్గము వద్ద నుండి వచ్చినవానికిని తెరవబడవలెను.

ఈ నగరము తన సంపదను పరుల చేతులతో నిర్మించుకొన్నది. ఆ చేతులకు ఇంతకాలము కూలి లెక్కగట్టితిమి. ఆ చేతుల వెనుక ఒక తల కలదనియు, దానికి రేపటిని గూర్చిన ఆలోచన కలదనియు ఒప్పుకొనుట మిగిలియున్నది. అది దానము గాదు, తీర్పవలసిన బాకీ.