కలుపు మందు ధర ప్యాకెట్ మీద ఉన్నదేనా?



మొక్కజొన్న విత్తే రోజుల్లో ఏ ఊళ్లో చూసినా ఒకటే మాట. "కూలీలు దొరకట్లేదు, అట్రజిన్ కొడితే పని అయిపోద్ది కదా!" ఈ మాటలో అబద్ధం లేదు. కలుపు తీతకు ఇచ్చే కూలి పక్కన పెట్టి చూస్తే మందు చవకే అనిపిస్తుంది. "అది విషం" అని ఒక్క మాట అనేసి మనం పక్కకు తప్పుకుంటే పక్క పొలం రైతు వినడు. ఆయన అడిగేది లెక్క. మనం చెప్పాల్సింది కూడా లెక్కే.

షాపులో కనిపించేది ప్యాకెట్ ధర ఒక్కటే. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. దాని మీద స్ప్రేయర్ కిరాయి, పిచికారీ కూలి, ఎకరానికి 200 లీటర్ల నీళ్లు. విత్తిన 48 గంటల్లోపు, నేలలో పదును ఉన్నప్పుడే కొట్టాలి. తడి చాలకపోతే మందు సరిగా పనిచేయదు. అప్పుడు కలుపు మొలిచాక కొట్టే ఇంకో మందు కొనాలి. తుంగ అయితే భూమిలోని గడ్డల నుంచి మళ్లీ లేస్తుంది. చివరికి కూలీలను పిలవక తప్పదు.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఏ బిల్లులోనూ ఉండదు. అది అంతర పంట. కలుపేదో కందేదో అట్రజిన్‌కు తెలియదు. వెడల్పాకు కలుపుతో పాటు కంది, అలసంద, పెసర కూడా దెబ్బతింటాయి. అందుకే పప్పు జాతి అంతర పంటలున్న మొక్కజొన్నలో అట్రజిన్ వద్దు, పెండిమిథాలిన్ వాడమని శాస్త్రవేత్తలే చెబుతారు. అది కూడా తుంగను ఆపలేదు. అంటే అట్రజిన్ కొన్న రోజే మనం ఇంటి పప్పును, నేలకు చేరే నత్రజనిని, పశువుల మేతను వదులుకున్నట్టే. కలుపులో దొరికే గంగవాయిలి కూర కూడా పోయినట్టే. ఈ నష్టం కూడా మందు ధరలో కలపండి, అప్పుడు చవకేదో తెలుస్తుంది.

మన వైపు కూడా నిజం చెప్పుకోవాలి. ప్రకృతి వ్యవసాయంలో కలుపు ఖర్చు సున్నా కాదు. మొదటి 30-40 రోజులు కలుపును అదుపులో పెట్టకపోతే దిగుబడి పోతుంది. వీడియోలో చూసినట్టు సాళ్ల మధ్య రెండుసార్లు గుంటక తోలాలి, మొక్కల మొదట్లో మనిషి చెయ్యి పడాలి, ఖాళీ నేలను అలసందతోనో ఎండు గడ్డి ఆచ్ఛాదనతోనో కప్పాలి. కలుపు గింజ కట్టకముందే తీసేస్తే ఏటా ఆ పని తగ్గుతూ వస్తుంది. మందు బిల్లు మాత్రం ప్రతి పంటకూ కొత్తగా వస్తుంది.

ఇంకా మందు మానలేని రైతుకు కూడా ఒక మాట చెప్పండి. ఉద్దెరకు కొనొద్దు, బిల్లు తీసుకోవాలి, లేబుల్ మీద తన పంట పేరుందో లేదో చూడాలి. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని షాపువాళ్లు చేతిలో పెట్టినా తీసుకోవద్దు.

ఈ సీజన్‌లో ఒక్క ఎకరం లెక్క నోటుబుక్‌లో రాయండి. ఒక పేజీలో కలుపు ఖర్చు, ఎదురు పేజీలో అంతర పంట ఆదాయం. ఆ రెండు పేజీలు పక్క రైతుకు చూపిస్తే చాలు. మన ఉపన్యాసం కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.