వెదురు అందమే, పురుగులింటి గోడకు మాత్రం వద్దు

ఈమధ్య కొత్త ఇల్లు కట్టినోళ్లంతా గేటు పక్కన పసుపు వెదురు నాటుతున్నారు. హోసూరు వైపు చూసినా, శిడ్లఘట్ట, చింతామణి వైపు చూసినా ఇదే. చూడ్డానికి బాగుంటుంది, బిరబిరా పెరుగుతుంది, పెద్దగా చాకిరీ ఉండదు. వద్దనడానికి మేమెవరం? కానీ పురుగు మేపే ఇంట్లో ఏ మొక్క పెట్టినా ముందు పురుగు సంగతి చూసుకోవాల. అందుకే మా మాట సూటిగా చెప్తున్నాం: వెదురు పెట్టుకోండి, పురుగులింటి గోడకు ఆనించి మాత్రం పెట్టొద్దు.

మొదటి సంగతి గాలి. పండిన పురుగును చంద్రికలకు ఎక్కించినాక అది గూడు కట్టే ముందు చాలా తడి వదుల్తుంది. ఆ తడి బయటికి పోవాల. ఆ రోజుల్లో తేమ 60-70 శాతం దాటితే గూడు మెత్తబడుతుంది, రీలింగులో దారం తెగుతుంది, మార్కెట్లో రేటు పడిపోతుంది. కిటికీకి అడ్డంగా గుబురు పెరిగితే గాలి ఎక్కడినుంచి వస్తుంది? చలికాలంలో సున్నకట్టు రోగానికి కావాల్సిందే చల్లదనం, తేమ. అప్పు తెచ్చి కిటికీలు, వెంటిలేటర్లు పెట్టించి, వాటిని ఒక పూలతోట మొక్కతో మూసేస్తామా?

రెండోది రాలిన ఆకు. వెదురాకు రాలుతూనే ఉంటుంది, తొందరగా కుళ్లదు. షెడ్డు చుట్టూ సున్నం, బ్లీచింగ్ చల్లినా ఆకు కిందికి అది దిగదు. ఎలుకలకు, చీమలకు, పాములకు అది మంచి చోటు.

మూడోది మందు. వెదురుకు పేను, పిండినల్లి పడితే అందం చెడిందని స్ప్రేయర్ ఎత్తుతాం. ఆ మందు గాలికి కొట్టుకొచ్చి మల్బరీ ఆకు మీద పడితే చాలు, ఐదో దశలో ఉన్న పంట పోతుంది. నర్సరీ నుంచి తెచ్చే మొక్కకు అక్కడ ఏం కొట్టారో మనకు తెలీదు. దాన్ని కొన్నాళ్లు షెడ్డుకు, తోటకు దూరంగా ఉంచి, పిండినల్లి లేదని చూసుకున్నాకే నాటాల. మందార మొక్కకూ ఇదే లెక్క. మల్బరీలో తుక్రా తెచ్చే పిండినల్లి మందారం మీదా బతుకుతుంది.

“ఎండాకాలం నీడ కావాల కదా?” అని అడుగుతారు. నిజమే, పురుగుకు 24 నుంచి 28 డిగ్రీల వేడి చాలు, సాయంత్రపు ఎండ గోడను కాల్చేస్తుంది. అందుకే పడమటి వైపు, మా లెక్కకు కనీసం 30 అడుగులు వదిలి నాటండి. నీడ వస్తుంది, గాలి ఆగదు. మల్బరీ సాళ్ల పక్కన మాత్రం వద్దు. వెదురు వేళ్లు పైపైనే పాకి నీళ్లు, ఎరువు లాగేస్తాయి. నీడలో పెరిగిన మల్బరీ ఆకు పల్చగా, నీళ్లనీళ్లగా వస్తుంది.

కొనేటప్పుడు గుబురుగా పెరిగే రకమా, భూమిలో పాకే రకమా అని తప్పక అడగండి. పచ్చ చారల పసుపు వెదురు గుబురు రకమే. పాకేదైతే సిమెంటు తొట్టిలోనే పెట్టండి, లేకుంటే పక్కింటోళ్లతో పంచాయితీ తప్పదు. ఏటా ముదురు బొంగులు కోసి గుబురు పల్చన చేయాల. ఆ బొంగులు చిక్కుడు పందిరికి పనికొస్తాయి. స్టాండ్లకు, తట్టలకు ఆశపడొద్దు, పసుపు వెదురు తొందరగా పుచ్చిపోతుంది.

డెంకణికోట, తళి వైపు అడవి అంచున ఉండేవాళ్లకు ఇంకో మాట. ఏనుగుకు వెదురంటే ప్రాణం. మీ ఇంటి ముందర దాన్ని నాటడమంటే ఏనుగును విందుకు పిలవడమే. అక్కడ అసలు వద్దనే మా సలహా.

ఇంటి అందం అందరికీ కావాల. కానీ ఆ ఇల్లు కట్టింది గూళ్ల డబ్బుతోనే. గుంత తవ్వే ముందు ఒకసారి షెడ్డు కిటికీ దగ్గర నిలబడి, గాలి ఎటునుంచి వస్తుందో చూసుకోండి.