ఆటసర్వరుల దొడ్డివాకిలి

స్వంత ఆటసర్వరును నెలకొల్పుట నేడు పిల్లల పని యైనది. పాత కంప్యూటరొకటి, ఇంటర్నెట్టు కనెక్షనొకటి యున్నచో మైన్‌క్రాఫ్టు సర్వరు ఒక సాయంకాలములో సిద్ధమగును. వేర్వేరు ఊళ్లలోని మిత్రులు వచ్చి యాడుకొందురు. ఇది మాకు సంతోషమే. పరుల కొలువున ఆడుటకంటె స్వంత సర్వరున ఆడుట స్వతంత్రబుద్ధికి తగినదే. కాని యిల్లు కట్టినవాడు గడియ సంగతియు చూచుకొనవలయును గదా!

ఈ యింటికి రెండు వాకిళ్లు గలవు. ఆటగాండ్రు వచ్చు 25565 పోర్టు వీధివాకిలి; అది తెరచియే యుండవలయును. యజమాని దూరమునుండి ఆజ్ఞలిచ్చుటకు ఆర్‌కాన్ అను సాధనము గలదు. దాని పోర్టు 25575. చిక్కంతయు నిచటనే. ఆర్‌కాన్ తన పాస్‌వర్డును ఏ మరుగును లేక తేటతెల్లముగా పంపును. దారిలో పొంచియున్నవానికి అది పోస్టుకార్డుపై వ్రాసిన రహస్యమే. అట్టిదానిని రౌటరుద్వారా లోకమున కెల్ల తెరచి, మా చిన్న సర్వరును ఎవరు చూతురులే యని నిదురించువారు గలరు. చూచునవి మనుష్యులు కారు, యంత్రములు. అవి రేయింబవళ్లు అడ్రసులను వరుసగా తట్టుచుండును. చిన్న పెద్ద యెరుగవు.

ఇందులకు మందు క్రొత్తది కాదు. 1995లో ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలింపబడగా, అచటి టాటు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్‌ను నిర్మించెను. 25575ను ఫైర్‌వాలుతో బయటివారికి మూసి, ఎస్ఎస్‌హెచ్ సొరంగము గుండనే ఆర్‌కాన్‌ను చేరవలయును. ఎస్ఎస్‌హెచ్‌కును పాస్‌వర్డు గాక జంట తాళపుచెవులు మేలు: రహస్యమైనది యజమానికడనే యుండును, రెండవది సర్వరున నుండును. పాస్‌వర్డు ప్రవేశమును, రూట్ ప్రవేశమును ఆపివేయవలయును. అయితే మొదటి లాగిన్‌ను విడువకమునుపే తాళపుచెవితో మరియొకమారు ప్రవేశించి చూచుకొనుడు. లేకున్న మన యింటి బయట మనమే నిలువవలసి వచ్చును! 22వ పోర్టును వేరొకటిగా మార్చిన గోల తగ్గును గాని రక్షణ పెరగదు. ఎస్ఎస్‌హెచ్‌ను సైతము దాచదలచినవారికి వైర్‌గార్డు కలదు. సరియైన తాళపుచెవి లేనివానికి అది బదులే పలుకదు.

ఇది వట్టి బెదిరింపని తలచువారు 2021 డిసెంబరును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. లాగ్‌ఫోర్‌జె లోపమువలన, ఆటలోని సంభాషణలో టైపు చేసిన యొక పంక్తితోనే పరుని ప్రోగ్రామును మైన్‌క్రాఫ్టు సర్వరుచే నడిపింప వీలయ్యెను. ఆటను రూట్ అధికారముతో నడపిన యింట ఆట యొక్కటే పోదు. అదే కంప్యూటరున నున్న తండ్రి బ్యాంకు కాగితములును పరుల చేతబడును. కావున ఆటకు అధికారములేని వేరు ఖాతా నీయవలయును, మరమ్మతులు వెలువడిన వెంటనే వేసికొనవలయును.

మిత్రులందరును ఒకే పాస్‌వర్డును పంచుకొను అలవాటును గూర్చియు నొకమాట. ఒకడు తగవుపడి వెడలినచో దానిని అందరికొరకు మార్చవలయును. ఒక్కొక్కరికి వేరు తాళపుచెవి యున్న, సర్వరులోని పట్టికనుండి వాని పంక్తి నొక్కటి తుడిచివేసిన చాలును.