మూడు రాత్రుల చుట్టాలం

అక్టోబరు మూడో వారం వచ్చిందంటే మా ఇంట్లో రెండు సంగతులు జరుగుతాయి. మా పడవ నీళ్ళలోంచి ఒడ్డెక్కుతుంది. మా ఆయన మొహం వాడిపోతుంది.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో. పక్కనే లేక్ సెయింట్ క్లేర్. పేరుకి 430 చదరపు మైళ్ళ సరస్సు, సగటు లోతు మాత్రం 11 అడుగులే. రిటైరయ్యాక ఆయన ముచ్చటపడి కొన్న 27 అడుగుల పాత తెరచాప పడవ మే నుంచి అక్టోబరు దాకా అందులో తేలుతూ ఉంటుంది. చలికాలంలో ఆ సరస్సు గడ్డకడుతుంది. జనం దానిమీదే స్టూళ్ళేసుకుని కూచుని, మంచుకి కన్నం పెట్టి చేపలు పడతారు. అందుకే ముందుగానే యార్డువాళ్ళు వెడల్పాటి పట్టీలేసి పడవని పైకెత్తి, ఇనప కాళ్ళమీద నిలబెట్టి, తెల్లటి ప్లాస్టిక్ చుట్టేస్తారు. ఇంజన్లోకి గులాబీరంగు యాంటీఫ్రీజు ఎక్కిస్తారు. ఇక ఆర్నెల్లు దానికి నిద్రే.

మరి ఆ ఆర్నెల్లూ మేమేం చెయ్యాలి? ఇంట్లో ఎదురెదురుగా కూచుని ఒకళ్ళ బీపీ ఒకళ్ళు చూసుకోవాలా? ఆరేళ్ళ క్రితం ఈ ప్రశ్నకి జవాబుగా ఓ ఆర్‌వీ కొన్నాం. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూం అన్నీ ఉన్న 25 అడుగుల బండి. దాని ఎత్తూ 11 అడుగులే. "మన సరస్సులో నిలబెడితే సరిగ్గా నెత్తి దాకా మునుగుతుంది" అని ఆయన జోకు. ఎత్తు తక్కువ వంతెన కిందకి పొరపాటున దూర్చకుండా ఆ అంకె పెద్దగా రాసి స్టీరింగు పైన అంటించుకున్నారు.

చాలామంది "అబ్బ, ఎంత అదృష్టమండీ!" అంటారు. అదృష్టమే, కాదనను. కానీ దానికీ ఓ సంసారం ఉంది. బయల్దేరేముందు ఫ్రిజ్ తలుపుకి గడియ పెట్టకపోతే మొదటి మలుపులోనే ఆవకాయ జాడీ నేలమీదకి దిగుతుంది. దిగింది కూడా. ఆ వాసన కెంటకీ దాటినా వదల్లేదు. నాలుగైదు రోజులకోసారి మురుగు ట్యాంకు ఖాళీ చెయ్యాలి. చేతికి తొడుగులేసుకుని, లావుపాటి గొట్టం తగిలించి, ముక్కు పక్కకి తిప్పుకుని చేసే పని. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఆయన నన్నడగకుండా తనంతట తాను తీసుకున్న ఇంటిపని అదొక్కటే. నేను మాత్రం అరవై ఆరో ఏట ఈ బండి నడపడం నేర్చుకున్నాను. ఆయనకి రాత్రిపూట ఎదురు లైట్లు సరిగా ఆనవు. చీకటిపడితే చుక్కాని నాదే.

మా ప్రయాణాల్లో చూసే చోట్లకన్నా చూసే మనుషులే ఎక్కువ. బండిలో ఫ్రిజ్ తలుపుమీద ఓ కాగితం ఉంటుంది. నాష్‌విల్, హ్యూస్టన్, ఫీనిక్స్, కాలిఫోర్నియాలో ఇద్దరు... ఇలా స్నేహితుల ఊళ్ళు, పక్కన ఎన్ని రాత్రులో అంకె. అన్నిటి పక్కనా 3 అనే ఉంటుంది. ఆ లెక్క నాదే. మూడు రాత్రులు దాటితే ఎంత ఆప్తులైనా రేపేం కూర వండాలా అని లోపల్లోపల దిగులుపడతారు. ఆ కాగితంలో ఏటా ఓ గీత పడుతోంది. కిందటేడు రెండు పడ్డాయి. ఒకరు వైజాగ్ తిరిగి వెళ్ళిపోయారు. ఇంకొకరు వెళ్ళిన చోటికి ఏ బండీ పోదు.

మన వాళ్ళ దగ్గర ఇంకో చిక్కుంది. వాళ్ళ వాకిట్లో బండి ఆపుకుని, ఓ వైరు గుచ్చుకుని మా మంచంమీద మేం పడుకుంటామంటే పౌరుషం వచ్చేస్తుంది. "నాలుగు బెడ్రూములున్న ఇల్లు పెట్టుకుని మిమ్మల్ని వీధిలో పడుకోబెడతామా వదినా?" అని నాష్‌విల్ వదినగారు మూడేళ్ళపాటు ప్రతిసారీ అలిగారు. నాలుగో ఏడు ఆవిడే బండెక్కి, మా చిన్న పొయ్యిమీద పెసరట్లు పోసి, "ఇదేదో బొమ్మరిల్లులా బాగుందే" అన్నారు.

కిందటి చలికాలం సంగతి చెప్తాను. నవంబరు చివర బయల్దేరాం. బండి నీళ్ళ గొట్టాల్లోనూ పడవకి పోసిన గులాబీ మందే ఉంటుంది. చలి తగ్గే ఊరు వచ్చాక కడిగేసి మంచినీళ్ళు నింపుకుంటాం. నాష్‌విల్లో గణేశుడి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించాం. ఆ గుడికి కొద్ది దూరంలోనే నాచెజ్ ట్రేస్ దారి మొదలవుతుంది. 444 మైళ్ళు. లారీలని రానివ్వరు. గంటకి 50 మైళ్ళు దాటకూడదు. దుకాణాలుండవు, ప్రకటనల బోర్డులుండవు. మనలాంటి వయసువాళ్ళకోసమే వేశారా అనిపిస్తుంది.

ఆ దారికో కథ ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట ఒహాయో నది వైపు రైతులు సరుకంతా బల్లకట్టు పడవల్లో వేసుకుని ప్రవాహంతో పాటు మిసిసిపీ మీదుగా నాచెజ్‌కో, న్యూ ఆర్లీన్స్‌కో దిగేవారు. ఎదురు ప్రవాహంలో ఆ పడవలు తిరిగి రావు. అందుకని సరుకుతోబాటు పడవనీ కలపకింద అమ్మేసి, ఈ అడవిదారినే వందల మైళ్ళు నడిచి ఇళ్ళకి చేరేవారు. ఆవిరి ఓడలొచ్చాక ఆ నడక ఆగిపోయింది. మా ఆయన బోర్డుమీద ఇదంతా చదివి, "పడవ అమ్మేసి నడిచారా!" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాధపడ్డారు.

డిసెంబరు మధ్యలో హ్యూస్టన్ చేరాం. ఇక్కడే మూడు రాత్రుల లెక్క తప్పింది.

హ్యూస్టన్ అన్నయ్యగారు మా ఆయనకి వరంగల్ ఆర్ఈసీలో రూమ్మేటు. ఇద్దరిదీ కోనసీమే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నర్సాపురంలో రైలెక్కి చదువుకి వెళ్ళినవాళ్ళు. అల్జీమర్స్ అని రెండేళ్ళ క్రితమే తెలుసు. ఫోన్లో "బానే ఉన్నారు వదినా" అనేది ఆవిడ. తలుపు తీసిన మనిషిని చూస్తే తెలిసింది ఏ మాత్రం బావుందో. ఆవిడ సగమైపోయింది.

పగలు ఫరవాలేదు. పొద్దువాలగానే ఆయనకి కంగారు మొదలవుతుంది. "ఇంటికెళ్ళాలి, పంటు వెళ్ళిపోతుంది" అని చెప్పులేసుకుంటారు. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి తలుపులు లాగుతారు. ఓసారి నాలుగు వీధులవతల దొరికారట. కూతురు సియాటిల్లో ఉద్యోగం, చిన్నపిల్లలు. వదిన ఎనిమిది నెలలుగా ఒక్క రాత్రి కూడా పూర్తిగా నిద్రపోలేదు.

మొదటి రాత్రి ఆయన వాకిట్లో మా బండి చూశారు. మెట్టెక్కి లోపలికొచ్చి, ఇరుకు బల్లముందు కూచుని, చుట్టూ చూసి, మా ఆయనతో అన్నారు: "రూము బావుందిరా. మెస్సులో ఇవాళ ఏంటి?"

మా ఆయన ఓ క్షణం తడబడ్డారు. "వంకాయరా" అన్నారు.

ఆ బల్ల మడిస్తే మంచమవుతుంది. దానిమీదే పడుకున్నారు. తెల్లారి నాలుగింటిదాకా కదల్లేదు. ఇంట్లో వదిన ఒక్కతే పడుకుంది. పొద్దున పదయినా లేవకపోయేసరికి నాకు గుండె దడదడలాడింది. తలుపు తోసి చూస్తే, పమిట చెంగు కూడా సర్దుకోకుండా, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది.

నాలుగో రోజు కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వాకిళ్ళలో ఇలాంటి బండ్లు ఆపకూడదని నిబంధన. వాళ్ళ రూలు వాళ్ళది. పది మైళ్ళ దూరంలో ఆర్‌వీ పార్కులో నెలకి లెక్కగట్టి చోటు తీసుకున్నాం. సాయంత్రం వదిన కారులో ఆయన్ని దింపి వెళ్ళేది, పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళేది. బండి తలుపు పిడికి మా పూజగంట కట్టాను. ఆయన లేచి తలుపు ముడితే మోగుతుంది. మోగితే మా ఆయన లేచి, "పంటు పొద్దున్నే గదరా, పడుకో" అనేవారు. ఆ మాట ఎలా పనిచేసేదో తెలీదు గానీ, చాలా రాత్రులు పనిచేసింది.

ఇదంతా చదివి మేమేదో త్యాగమూర్తులం అనుకోకండి. పదో రోజుకి నాకు విసుగొచ్చింది. నాకూ మోకాళ్ళనొప్పి, నాకూ నిద్ర లేదు. "ఎన్నాళ్ళండీ?" అని ఆయన్ని నిలదీశాను. ఆ బండిలో గట్టిగా దెబ్బలాడుకోవడానికి కూడా వీల్లేదు. అన్నయ్యగారు నాలుగడుగుల దూరంలో పడుకుని ఉన్నారు. గుసగుసలతోనే పోట్లాడుకున్నాం. చివరికి ఆయన ఒకటే అన్నారు: "ఫస్టియర్లో నాకు టైఫాయిడొస్తే వాడు పరీక్ష వదులుకుని పక్కన కూచున్నాడు. వాడికిప్పుడు అది గుర్తులేదు. నాకుంది." నేను అటు తిరిగి పడుకున్నాను. పొద్దున్నే ఫీనిక్స్‌కీ, కాలిఫోర్నియాకీ ఫోన్లు చేసి ఈ ఏడు రాలేమని చెప్పింది నేనే.

జనవరిలో ఓ ఆదివారం నలుగురం గాల్వెస్టన్ వెళ్ళాం. అక్కడ నుంచి బొలివార్ ద్వీపకల్పానికి ఫెర్రీ ఉంది. టెక్సాస్ రాష్ట్ర రవాణా శాఖవాళ్ళది. కార్లతో సహా ఎక్కించుకుని ఇరవై నిమిషాల లోపే అవతల దింపుతారు. డబ్బులు తీసుకోరు. బండితో సహా ఎక్కాం. సముద్రపు పిట్టలు అరుస్తూ వెంటపడ్డాయి. ఇంజను చప్పుడు, ఉప్పుగాలి, డీజిల్ వాసన. అన్నయ్యగారు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. నెలరోజుల్లో ఆయన వీపు అంత నిటారుగా ఉండటం నేను చూడలేదు.

"ఏరా, టికెట్ డబ్బులిచ్చావా?" అని అడిగారు.

"ఇక్కడ ఊరికేనట్రా" అన్నారు మా ఆయన.

"ఊరికే ఎవడెక్కించుకుంటాడ్రా? సరంగుకి చెప్పు, వచ్చేటప్పుడు ఇస్తామని."

వదిన నవ్వింది. నవ్వుతూనే అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "వచ్చి ఇన్నేళ్ళయింది, గంట దూరంలో ఉన్నా ఒక్కసారి తీసుకురాలేదు వదినా నేను" అంది. ఏం చెప్తాం? ఉద్యోగాలు, పిల్లల చదువులు, ఇంటి అప్పు. తీరిక దొరికేసరికి ఆయన ఇలా అయ్యారు. అవతలి గట్టు దగ్గరవుతుంటే ఆయన మెల్లిగా, "నర్సాపురం వచ్చేసింది" అన్నారు. మాలో ఎవరూ కాదనలేదు.

మూడు రాత్రులనుకున్నవాళ్ళం తొమ్మిది వారాలున్నాం. ఈలోగా కూతురు రెండుసార్లు వచ్చి, డాక్టర్లతో మాట్లాడి, వారానికి మూడు రోజులు పగటిపూట చూసుకునే కేంద్రంలో చేర్పించింది. రెండు రాత్రులకి ఓ మనిషిని కుదిర్చింది. జబ్బు తగ్గదు, తగ్గదని అందరికీ తెలుసు. వారానికి రెండు రాత్రులు మాత్రం వదిన కంటినిండా నిద్రపోతుంది.

బయల్దేరే రోజు అన్నయ్యగారు వాకిట్లో నిలబడి మా ఆయన భుజంమీద చెయ్యేశారు. "సెలవులకి ఇంటికెళ్తున్నావా? రూము ఎవరికీ ఇవ్వకురా" అన్నారు. ఆ రోజు పగలే అయినా బండి నేనే నడిపాను. ఆయనకి ఎదురేమీ ఆనలేదు.

ఈ శీర్షిక చదివేవాళ్ళు తరచూ అడుగుతుంటారు, రిటైరయ్యాక ఇంత పెద్ద బండి అవసరమా, ఆ డబ్బుతో హోటళ్ళలో ఉండొచ్చుగా అని. గ్యాలన్‌కి పది మైళ్ళు కూడా రాదు, నిజమే. హోటల్లో దిగి తొమ్మిది వారాలు ఉండగలిగేవాళ్ళమా? వాళ్ళింట్లో ఉంటే ఆ వదినే లేచి మాకు కాఫీ పెట్టేది. మా పొయ్యి, మా మంచం, మా మురుగు మాతోనే ఉండబట్టి ఆవిడకి బరువు కాకుండా దగ్గర్లో ఉండగలిగాం. మీకు బండి అక్కర్లేదు. పక్క ఊళ్ళో ఇలాంటి ఇల్లొకటి ఉంటే, పలకరించి పళ్ళిచ్చి వచ్చేయకుండా, ఓ రాత్రి మేలుకుని ఉంటామని అడిగి చూడండి. వాళ్ళు వద్దంటారు. రెండోసారి అడగండి.

మేలో పడవ నీళ్ళలోకి దిగింది. ప్రతి ఆదివారం పడవమీంచి వీడియో ఫోన్ చేస్తున్నాం. అన్నయ్యగారికి కొన్నిసార్లు మేమెవరో తెలుస్తుంది, కొన్నిసార్లు తెలియదు. తెరచాప కనపడితే మాత్రం, "గాలి ఎటుంది?" అని అడుగుతారు.

ఫ్రిజ్ తలుపుకి ఈ ఏటి కాగితం రాసి అంటించాను. అందరి పక్కనా మామూలుగా 3 వేశాను. హ్యూస్టన్ పక్కన అంకె వెయ్యలేదు.